బిడ్డ బాకీ

అప్పులవాడి కంటబడకుండా తిరిగే మనిషిని మీరు చూసే ఉంటారు. సందు మొదట్లో అప్పులవాడి గొడుగు కనిపిస్తే చాలు, పెరటి దోవన జారుకుంటాడు. ఇంట్లో ఉండి కూడా ఊళ్లో లేనని పిల్లల చేత చెప్పిస్తాడు. అదే మనిషికి ఎవరైనా పది రూపాయలు తిరిగి ఇవ్వవలసి ఉన్నదనుకోండి, తెల్లవారకముందే వాళ్ల అరుగు మీద ప్రత్యక్షమవుతాడు. ఇవ్వవలసిన చోట కనబడనివాడు పుచ్చుకోవలసిన చోట కనబడి తీరతాడు. ఈ చిన్న లోకరీతిని పట్టుకుని అమెరికా వారు ఒక ఏర్పాటు చేశారు. తండ్రి పరారీలో ఉన్న పిల్లలకు ఆ ఏర్పాటు వలన కొంత అన్నం పుడుతున్నది. కొన్ని చిక్కులూ పుడుతున్నవి. ఆ రెండూ చెప్పదలిచాను.

అమెరికాలో భార్యాభర్తలు విడిపోయినా, అసలు పెళ్లి లేకుండా బిడ్డ పుట్టినా, బిడ్డ ఎవరి దగ్గర పెరుగుతున్నదో వారికి రెండోవారు నెలకు ఇంత అని చెల్లించాలని కోర్టు గాని, అధికారి గాని నిర్ణయిస్తారు. చాలావరకు పెంచేది తల్లి, చెల్లించవలసింది తండ్రి. తల్లి చెల్లించవలసిన కేసులు కూడా లేకపోలేదు. దీన్ని వారు చైల్డ్ సపోర్ట్ అంటారు. మన కోర్టు భాషలో మనోవర్తి అనే చక్కని మాట ఉన్నది గాని, ఆ మాట వినగానే విడిచిపెట్టబడిన భార్య మన కళ్లముందు నిలుస్తుంది. ఇది భార్యకిచ్చేది కాదు. బిడ్డ సొమ్ము. అందుచేత మనం పిల్లల భరణం అనుకుందాం.

ఈ భరణం వసూలు చేసే బాధ్యత ఒకప్పుడు తల్లిదే. లాయరును పెట్టుకుని, కోర్టుల చుట్టూ తిరిగి, వాడు ఏ ఊళ్లో ఉన్నాడో వాకబు చేసుకుని, వాడు మరో రాష్ట్రానికి మకాం మార్చేసరికి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. 1975 జనవరిలో ప్రెసిడెంటు ఫోర్డు సంతకంతో వచ్చిన చట్టం ఈ పనిని ప్రభుత్వం నెత్తిన పెట్టింది. ప్రతి రాష్ట్రంలోనూ ఒక భరణం ఆఫీసు వెలిసింది. పిల్లల మీద జాలి ఒక్కటే దీనికి కారణమనుకుంటే పొరపాటు. తండ్రి డబ్బు పంపని ఇళ్లకు సర్కారు ధర్మాదాయం నుంచి నగదు సాయం ఇవ్వవలసి వస్తున్నది. ఆ ఖర్చు తండ్రి దగ్గర రాబట్టుకోవాలన్న లెక్క కూడా అందులో ఉన్నది. ఈ రెండు ఉద్దేశాలూ ఒకే గూట్లో కాపురముండటం వలన వచ్చిన తిరకాసు ముందు ముందు చెబుతాను.

జీతగాడిని పట్టుకోవడం సులువైన పని. 1984లో ఒక చట్టం, 1988లో మరొక చట్టం వచ్చి, జీతంలోంచే భరణం కోసి పంపే బాధ్యతను యజమాని మీద పెట్టాయి. 1994 నుంచి కొత్త ఉత్తరువుల్లో ఇది మొదటి నెల నుంచే మామూలయింది. 1986 సవరణతో, గడువు దాటిన ప్రతి వాయిదా దానంతట అదే కోర్టు తీర్పుతో సమానమయింది. వెనకటి బకాయిని ఏ జడ్జీ కూడా తరువాత తగ్గించడానికి వీల్లేదు. ఐ.పి. పెట్టినా ఈ బాకీ కొట్టుబడదు. 1996లో ప్రెసిడెంటు క్లింటను కాలపు చట్టం ఇంకా ముందుకు పోయింది. ఎవరైనా కొత్తగా ఎవరినైనా పనిలో పెట్టుకుంటే ఇరవై రోజుల్లోగా ఆ పేరు రాష్ట్రానికి తెలియజేయాలి. ఆ పేర్లన్నీ ఢిల్లీ వంటి వారి వాషింగ్టనులో ఒక జాబితాలోకి చేరతాయి. బ్యాంకులు తమ ఖాతాదారుల పేర్లను బకాయిదారుల పేర్లతో సరిచూడాలి. కారు నడిపే లైసెన్సు ఆపవచ్చు, వేట లైసెన్సు ఆపవచ్చు. బకాయి 2,500 డాలర్లు దాటితే పాస్‌పోర్టు ఇవ్వరు. మొదట ఆ హద్దు 5,000 ఉండేది; 2006 అక్టోబరు నుంచి సగానికి దించారు.

ఇన్ని వలలు పన్నిన తరువాత వసూలు బాగానే ఉన్నది. వచ్చే డబ్బులో అత్యధిక భాగం జీతాల్లోంచి కోసుకున్నదే. అయినా దేశం మొత్తం మీద పేరుకుపోయిన బకాయి 10 వేల కోట్ల డాలర్లకు పైమాటే. కోటి మందికి పైగా పిల్లల కేసులు ఈ ఆఫీసుల చేతుల్లో ఉన్నాయి. మరి చేప ఎక్కడ జారిపోతున్నది?

రోజు కూలి నోట్ల రూపంలో పుచ్చుకునేవాడు ఈ వలకు చిక్కడు. వాడికి జీతం చీటీ లేదు. బ్యాంకు ఖాతా లేదు, ఉన్నా అక్క పేరనో స్నేహితుడి పేరనో ఉంటుంది. పాస్‌పోర్టుతో వాడికి పనే లేదు. ఇటువంటివాణ్ణి గూర్చి వెతుకుతుంటేనే ఇన్సూరెన్సు వారి మీద చూపు పడింది.

ఇన్సూరెన్సు కిటికీ

నేను చాలా ఏళ్లపాటు మన దేశంలోనే ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిముల బల్ల దగ్గర పనిచేసినవాణ్ణి. ప్రీమియం బాకీ పడ్డదని ఎన్ని ఉత్తరాలు రాసినా ఉలకని పలకని మనిషి, డబ్బు వచ్చే సమయానికి పుట్టిన తేదీ దాఖలాతో సహా ఎదురుగా నిలబడటం ఎన్నోసార్లు చూశాను. అసలు పేరు చెబుతాడు. ఇంటిపేరు చెబుతాడు. తండ్రి పేరు, చిరునామా, బ్యాంకు ఖాతా నంబరు, అన్నీ అడగకముందే రాసిస్తాడు. సంతకం కూడా ముత్యాల్లా పెడతాడు. లోకంలో ఎవరికీ దొరకని మనిషి క్లెయిము ఫారం మీద సర్వాంగాలతో దొరుకుతాడు. అమెరికా ఏర్పాటును గురించి మొదటిసారి చదివినప్పుడు, దీన్ని ఆలోచించినవాడెవడో తప్పక మా బల్ల దగ్గర కూర్చుని ఉంటాడని అనుకున్నాను.

ఒక లెక్క చూద్దాం. ఇది నేను కల్పించిన లెక్కే. ఇళ్లకు రంగులు వేసేవాడొకడు ఉన్నాడు. బిడ్డకు నెలకు 400 డాలర్లు పంపాలి. మూడేళ్లుగా ఒక్క కాసు విదల్చలేదు. బకాయి 14,400. ఒకనాడు దారిన పోతుంటే మరెవరి కారో వచ్చి గుద్దింది. కాలు విరిగింది. ఆ కారు తాలూకు ఇన్సూరెన్సు కంపెనీ 30,000 డాలర్ల పరిహారానికి ఒప్పుకున్నది. లాయరుకు మూడో వంతు, అంటే 10,000. ఆసుపత్రికి 8,000. చేతికి రావలసింది 12,000. పాత రోజుల్లోనైతే ఆ చెక్కు పుచ్చుకుని రంగులవాడు ఊరు మారిపోయేవాడు. తల్లికి ప్రమాదం సంగతే తెలిసేది కాదు, పరిహారం సంగతి చెప్పనక్కరలేదు. ఇప్పుడు చెక్కు రాయబోయే ముందు కంపెనీ వారు రంగులవాడి పేరును బకాయిదారుల జాబితాతో పోల్చి చూస్తారు. పేరు కలిసిందా, భరణం ఆఫీసు నుంచి తాఖీదు వస్తుంది. ఆ 12,000 నేరుగా బిడ్డ ఖాతాకు జమ. ఇంకా 2,400 బాకీ మిగిలే ఉంటుంది.

ఇంత మాత్రానికి కొత్త చట్టం ఎందుకు, జప్తు అనేది పాతదే గదా అని లాయరు పాఠకులు అడగవచ్చు. నిజమే. 1996 చట్టం ప్రకారం గడువు మీరిన భరణానికి బకాయిదారు ఆస్తిపాస్తుల మీద హక్కు దానంతట అదే పుడుతుంది; ఒక రాష్ట్రంలో పుట్టిన ఆ హక్కును మరో రాష్ట్రం గౌరవించాలి. కాని హక్కు ఉండి ఏం లాభం? ఎక్కడ ఎంత సొమ్ము చేతులు మారబోతున్నదో తెలియాలి. అదీ మారకముందు తెలియాలి. చెక్కు మారిన మరునాడు తెలిస్తే ఆ హక్కును చట్టం కట్టించి గోడకు తగిలించుకోవలసిందే. కావలసింది కబురు. ఆ కబురు ఇన్సూరెన్సు వారి దగ్గరే ఉన్నది.

మొదట ఈ దోవ తొక్కినవి రాష్ట్రాలు. రోడ్ ఐలండ్ అనేది విస్తీర్ణంలో అమెరికా మొత్తం మీద అతి చిన్న రాష్ట్రం. ఒక మొత్తాన్ని మించిన పరిహారం చెల్లించే ముందు బకాయిదారుల జాబితా చూసి తీరాలని అక్కడి ఇన్సూరెన్సు వారికి చట్టం పెట్టింది. ఆ చిన్న రాష్ట్రమే ఇతర రాష్ట్రాల బకాయిదారుల పేర్లను కూడా ఒకచోట చేర్చి, కంపెనీలు ఒకే చోట చూసుకునే సదుపాయం కల్పించింది. పిట్ట కొంచెమైనా కూత ఘనం. న్యూజెర్సీ మరో పద్ధతి పట్టింది. మన తెలుగువారు వేలకొద్దీ కాపురాలు పెట్టిన రాష్ట్రం గనుక అక్కడి సంగతి తెలుసుకోవడం మంచిది. 2000లో అక్కడ వచ్చిన చట్టం ప్రకారం, దావా రాజీ వల్లనో, తీర్పు వల్లనో, వారసత్వం వల్లనో ఒక మనిషికి ఖర్చులన్నీ పోను 2,000 డాలర్లకు మించి ముట్టబోతుంటే, ఆ డబ్బు పంచే లాయరో కంపెనీయో ముందుగా అతని మీద భరణం బకాయి ఉన్నదేమో వెతికించాలి. ఉంటే అది తీర్చిన తరువాతే మిగతాది ఇవ్వాలి. అంటే తన లాయరే తనకు అమీను అన్నమాట.

తరువాత దేశం మొత్తానికి కలిపి ఏర్పాటు వచ్చింది. 2006 ఫిబ్రవరిలో ప్రెసిడెంటు బుష్ సంతకం చేసిన ఒక లోటు తగ్గింపు చట్టంలో, వందలాది ఇతర విషయాల మధ్య, చిన్న సెక్షను ఒకటి ఇమిడి ఉన్నది. భరణం బకాయిదారుల పేర్లను ఇన్సూరెన్సు వారి దగ్గర ఉన్న క్లెయిముల వివరాలతో, రాజీ మొత్తాలతో, చెల్లింపులతో పోల్చిచూసే అధికారాన్ని అది వాషింగ్టనులోని శాఖకు ఇచ్చింది. ఆ సెక్షనులో రెండు తెలివైన సంగతులున్నాయి. కంపెనీలను అది బలవంతపెట్టలేదు; కేంద్రం దృష్టిలో చేరడం చేరకపోవడం వారి ఇష్టం. నిర్బంధం కావాలనుకున్న రాష్ట్రాలు తమ చట్టాల్లో తాము పెట్టుకున్నాయి. రెండోది, సద్బుద్ధితో వివరాలు ఇచ్చినందుకు ఏ కంపెనీ మీదా ఎవరూ దావా వేయడానికి వీల్లేదని అభయం ఇచ్చింది. ఇన్సూరెన్సు వారి మనసు నాకు తెలుసు. వారికి ధర్మపన్నాలు చెప్పనక్కరలేదు, దావా భయం తీరిస్తే చాలు.

పని జరిగే తీరు ఇది. కంపెనీ తన దగ్గరకు వచ్చిన క్లెయిముదారుల పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామాలు, ఉంటే సోషల్ సెక్యూరిటీ నంబర్లు పంపుతుంది. చాలా కంపెనీలకు ఇందుకు ప్రత్యేకంగా శ్రమ కూడా లేదు. దొంగ క్లెయిములు పట్టుకోవడానికి కంపెనీలన్నీ కలిసి క్లెయిముల వివరాలు ఒకచోట పోసుకునే అలవాటు అక్కడ ముందు నుంచీ ఉన్నది. ఆ కుప్పలోంచే పోలిక చూడవచ్చు. ఒక్కొక్క పేరే తెచ్చి చూసుకునే వీలు కూడా ఉన్నది. కార్మిక పరిహారం చూసే సర్కారు శాఖలు సైతం ఇందులో చేరాయి. కలిసిన పేర్లు ఆయా రాష్ట్రాలకు వెళ్తాయి. అక్కడి గుమాస్తా పాత కాగితాలు తిరగేసి, మనిషి వాడేనా, బాకీ ఇంకా ఉన్నదా అని చూసి కంపెనీకి తాఖీదు పంపుతాడు.

మనిషి వాడేనా అన్నది చిన్న ప్రశ్న కాదు. గాయపడి వచ్చిన పరాయివాడి సోషల్ సెక్యూరిటీ నంబరు కంపెనీ దగ్గర ఎప్పుడూ ఉండదు. అప్పుడు మిగిలేవి పేరు, పుట్టిన తేదీ. మా ఆఫీసులో ఒకే ఇంటిపేరుతో, ఒకే పొడి అక్షరాలతో, ఒకే తాలూకా నుంచి వెంకటేశ్వర్లులు ఎందరు ఉండేవారో చెబితే నవ్వుతారు. అమెరికాలో జాన్ స్మిత్తులకూ కొదవ లేదు. యంత్రం కలిపిన జోడీని మనిషి మళ్లీ చూడకపోతే, ఒకడి కాలు విరిగిన డబ్బు ఇంకొకడి బిడ్డకు పోతుంది. అందుకనే తాఖీదు అందుకున్నవాడికి అభ్యంతరం చెప్పుకునే హక్కు, విచారణ కోరే హక్కు పెట్టారు.

విరిగిన కాలి ఖరీదు

ఇక చిక్కుల దగ్గరకు వద్దాం. మా ఇంట్లో ఈ సంగతి చెప్పినప్పుడు ఆడవారంతా ఒక్కమాటగా బాగుంది బాగుంది అన్నారు. మా బావగారు మాత్రం, "కాలు విరిగినవాడి డబ్బు లాక్కోవడం ఏం న్యాయమోయ్? అది సంపాదన కాదు గదా, దెబ్బకు కట్టుగుడ్డ" అన్నారు. ఆ మాట తీసిపారేయదగింది కాదు.

పరిహారం అనేది ఒక ముద్ద కాదు. అందులో ఆసుపత్రి ఖర్చు ఉంటుంది. మంచాన పడి పోగొట్టుకున్న కూలి ఉంటుంది. పడ్డ బాధకు కట్టిన వెల ఉంటుంది. ఆసుపత్రికి పోవలసింది న్యూజెర్సీ వంటి చోట్ల ముందే తీసివేస్తారు, అది సబబే. పోయిన కూలికి వచ్చినది కూలి వంటిదే. ఆ కూలి వచ్చి ఉంటే అందులో బిడ్డకు వాటా ఉండేది. నెలనెలా వచ్చే కార్మిక పరిహారాన్ని అక్కడ జీతంతో సమానంగానే చూస్తారు. బాధకు కట్టిన వెల దగ్గరే నా మనసు కూడా కొంచెం తటపటాయిస్తుంది. వాడి నొప్పి వాడిది. అయితే, మూడేళ్లు రాని భరణం వలన అవతలి ఇంట్లో ఎవరికీ నొప్పి కలగలేదా? ఆ నొప్పికి ఏ కంపెనీ వారూ వెల కట్టలేదు. నన్ను అడిగితే, మళ్లీ నిచ్చెన ఎక్కి పనిచేసుకునేందుకు కావలసినంత వాడి చేతిలో ఉంచి మిగతాది బిడ్డకివ్వాలి. జీతం విషయంలో ఇటువంటి హద్దు ఉండనే ఉన్నది: చేతికి వచ్చే జీతంలో నూటికి 50 మొదలు 65 వరకు మాత్రమే భరణానికి కోయవచ్చు, మరో సంసారం మోస్తున్నాడా, బకాయి ఎంత కాలానిది అన్నదాన్ని బట్టి. మొత్తంగా వచ్చే పరిహారానికి అన్ని రాష్ట్రాల్లోనూ ఒకే కొలత లేదు.

ఇంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది. ఈ బకాయిదారులు ఎవరు? సినిమాల్లో చూపించినట్టు, బిడ్డను ఎండగట్టి తాను షికార్లు చేసే షోకిలా రాయుళ్లేనా? అలాంటివారు ఉన్నారు, వారి మీద నాకు సానుభూతి లేదు. కాని తొమ్మిది పెద్ద రాష్ట్రాల లెక్కలు తీసి 2007లో వాషింగ్టనులోని అర్బన్ ఇన్‌స్టిట్యూట్ వారు ఒక పరిశీలన ప్రకటించారు. బకాయిలో నూటికి 70 వంతులు, ఏడాదికి 10,000 డాలర్లకు మించని ఆదాయం ఉన్నవారివీ, అసలు ఆదాయమే నమోదు కానివారివీ అని తేలింది. ఆ దేశంలో ఆ డబ్బు గదికి అద్దె కట్టడానికే చాలదు. వీరిలో నోట్ల కూలి దాచుకునేవారు కొందరు, నిజంగా లేనివారు కొందరు. కంప్యూటరుకు ఇద్దరూ ఒకటే.

లేనివాణ్ణి పట్టుకుని జైల్లో పెడితే ఏమవుతుందో 2011లో ఆ దేశపు సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో తెలిసింది. దక్షిణ కెరొలైనాలో ఒక తండ్రి 5,700 పై చిల్లర డాలర్లు బకాయి పడ్డాడు. లాయరు లేకుండా జడ్జీ ముందు నిలబడ్డాడు. చెల్లించే శక్తి వాడికి ఉన్నదా లేదా అన్న నిర్ణయం రాయకుండానే ఏడాది జైలు వేశారు. వాడు ఏడాదీ లోపలే గడిపాడు. సర్కారు ఖర్చుతో లాయరును ఇచ్చి తీరాలని సుప్రీంకోర్టు అనలేదు గాని, శక్తి ఉన్నదా లేదా అని సక్రమంగా విచారించకుండా జైల్లో పెట్టడం చెల్లదన్నది. లోపల ఉన్న ఏడాదిలో వాడు బిడ్డకు ఏం సంపాదించి పెట్టినట్టు? ఈ కేసు పక్కన పెట్టి చూసినప్పుడు ఇన్సూరెన్సు ఏర్పాటు నాకు చాలా నయమనిపిస్తుంది. అది లేనివాడి జోలికి పోదు. ఎవరినీ కటకటాల వెనక్కి నెట్టదు. డబ్బు కదులుతున్నప్పుడు మాత్రమే చెయ్యి చాస్తుంది.

మొదట్లో చెప్పిన తిరకాసు ఇప్పుడు చెప్పాలి. తల్లి సర్కారు నగదు సాయం పుచ్చుకుంటున్నంత కాలం, భరణం వసూలు చేసుకునే హక్కును సర్కారుకు రాసివ్వాలి. అప్పుడు తండ్రి దగ్గర పట్టుకున్న సొమ్ము బిడ్డ ఇంటికి కాక సర్కారు పెట్టెలోకి పోవచ్చు. విరిగిన కాలి డబ్బు బిడ్డ పాలకు పోయిందంటే తండ్రికి ఒక తృప్తి, బిడ్డకు ఒక ఆధారం. ఖజానాకు పోయిందంటే ఇద్దరికీ ఏడుపే. ఈ సంగతి అక్కడివారికి తెలియకపోలేదు. 2006 చట్టమే ఆ హక్కును, సాయం అందుకున్న కాలపు భరణానికి మాత్రమే పరిమితం చేసింది. సాయం మానేసిన కుటుంబాల విషయంలో చాలా రకాల వసూళ్లు ముందు ఇంటికే చేరతాయి. కొలరాడో రాష్ట్రం 2017 నుంచి, సాయం పొందుతున్న ఇళ్లకు కూడా నెలనెలా వచ్చే భరణాన్ని పూర్తిగా ఇచ్చివేస్తున్నది. దీనికి నేను రెండు చేతులా నమస్కరిస్తాను.

మన వైపు

మన దేశంలో ఈ పని ఇంకా చాలావరకు తల్లి చేతిలోనే ఉన్నది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 488వ సెక్షను కింద మేజిస్ట్రేటు ఇప్పించగలిగిన గరిష్ఠ మొత్తం మొదట నెలకు 50 రూపాయలు. 1955లో అది 500 అయింది. 1973లో కొత్త కోడు వచ్చి 125వ సెక్షనుగా పేరు మారినా ఆ 500 అలాగే నిలిచింది. పప్పు బియ్యాల ధరలు ఎన్ని మెట్లు ఎక్కినా అది మాత్రం 2001 వరకు కదలలేదు. ఆ ఏడాది హద్దు తీసివేశారు. 2024 జులై నుంచి అదే సంగతి కొత్త సంహితలో 144వ సెక్షనుగా ఉన్నది. ఇవ్వనివాడి మీద వారంటు, ఎగవేసిన ఒక్కొక్క నెలకు నెల వరకు ఖైదు. గడువు మీరిన ఏడాదిలోగా తల్లి దరఖాస్తు పెట్టాలి. మేలుకోకపోతే ఆ దోవ మూసుకుపోతుంది. 2020 నవంబరులో మన సుప్రీంకోర్టు ఒక మంచి పని చేసింది. రెండు పక్షాలవారూ తమ రాబడి, ఆస్తి, అప్పులు ప్రమాణపూర్వకంగా రాసి కోర్టుకు ఇవ్వాలన్నది. అంటే వివరాలు చెప్పవలసిందీ దాచవలసిందీ ఒక్కడే. సరిచూసే యంత్రం వెనక లేదు.

జీతం మీద మాత్రం మన చట్టం గట్టిదే. భరణం డిక్రీ అమలులో జీతంలో మూడో వంతు మాత్రమే వాడికి మినహాయింపు. మిగతా రెండు వంతులు జప్తు చేయవచ్చు. మామూలు అప్పులవాడికి ఇంత లేదు. జీవిత బీమా సంగతి అందుకు తలకిందులు. బాకీదారు ప్రాణం మీద తీసుకున్న పాలసీ తాలూకు సొమ్ము జప్తుకు లోబడదని సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను చెబుతున్నది. ఇంటి యజమాని కన్నుమూస్తే అప్పులవాళ్లు పాలసీ డబ్బు మీద పడి పెళ్లాం బిడ్డల నోరు కొట్టకూడదని పెట్టిన నియమం అది. ఉద్దేశం పూజనీయం. బిడ్డ కోసం కట్టిన గోడే ఒక్కొక్కప్పుడు బిడ్డకు అడ్డం వస్తుంది.

అదే బీమా బిడ్డకు పెట్టని కోట కూడా కాగలదు. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్య పేర, పిల్లల పేర పాలసీ తీసుకుంటే అది వారి కోసం ఉంచిన ధర్మనిధితో సమానం. అప్పులవాళ్లకు అందదు, తరువాత మనసు మారినా తీసుకున్నవాడు కదపలేడు. మద్రాసు రాజధానిలో హిందువులకు ఇది 1913 చివరి నుంచే వర్తించింది. తక్కిన దేశానికి 1923లో గాని రాలేదు. అంటే కోస్తా, రాయలసీమ తాతలకు పదేళ్లు ముందే ఈ వరం దక్కిందన్నమాట. నా సర్వీసులో ఆ ఫారం అడిగి తీసుకున్నవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ప్రపోజలు రాసే రోజునే అడగాలి. పాలసీ చేతికి వచ్చాక అడిగితే కుదరదు.

చివరగా, ఈ రెండు దేశాలకూ మధ్య చిక్కుకున్న తల్లుల మాట. తండ్రి అమెరికాలో, తల్లీ బిడ్డా గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న ఇళ్లు మనకు కొత్త కాదు. దేశాల మధ్య పిల్లల భరణం వసూలుకు హేగ్ నగరంలో 2007లో కుదిరిన ఒడంబడికలో అమెరికా ఉన్నది, భారతదేశం చేరలేదు. అందుచేత మన కోర్టు ఉత్తరువు అక్కడ దానంతట అది నడవదు. అయితే దోవ పూర్తిగా మూసుకుపోలేదు. బయటి దేశంలో ఉన్న తల్లి నేరుగా పెట్టుకున్న అర్జీని కూడా తండ్రి నివసించే రాష్ట్రపు భరణం ఆఫీసు స్వీకరించవచ్చునని అక్కడి చట్టం చెబుతున్నది. స్వీకరించవచ్చును అన్నదే గాని, తీరాలి అనలేదు. అర్జీ పెట్టేవారు తండ్రి పుట్టిన తేదీ, చివరి చిరునామా, పనిచేసే కంపెనీ పేరు తప్పక రాయాలి. పేరు పాస్‌పోర్టులో ఏ అక్షరాలతో ఉన్నదో ఆ అక్షరాలతోనే ఉండాలి, ఇంటిపేరు ముందా వెనకా అన్నదానితో సహా. శుభలేఖ మీద అచ్చయిన పేరు అక్కడ ఏ జాబితాలోనూ కలవదు.